వినకపోతే సాగని ఆటలు: ఆరేళ్ల పిల్లాడికి ఏవి ఆడించాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. బాబుకి ఆరేళ్లు, ఇంట్లో గలగలా మాట్లాడతాడు, కానీ తోటి పిల్లల మధ్య పెడితే తనకిష్టమైన రైళ్ల గురించి తప్ప ఇంకో మాట ఉండదు, ఎవరైనా ఏదైనా చెబుతుంటే మధ్యలో దూరతాడు, ఓడిపోతే పావులు విసిరేసి ఏడుస్తాడు. ఫీలింగ్స్ నేర్పే ఫ్లాష్ కార్డుల కిట్ కొనాలా, ఫోన్లో ఏదైనా యాప్ పెట్టాలా అని అడిగారు. రెండేళ్ల పాపకి కూడా ఏం ఆడించాలో చెప్పమన్నారు. పిల్లల స్పీచ్ థెరపీలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కిట్ వద్దు. అందులో ఏముంటుందంటే ఒక పిల్లాడు ఏడుస్తున్న బొమ్మ, కింద "ఇతనికి ఎలా అనిపిస్తోంది?" అని ప్రశ్న. మీవాడు "బాధగా ఉంది" అని ఠక్కున చెప్పేసి కార్డు తిప్పేస్తాడు. అరగంట తర్వాత పక్కనున్న పిల్లాడు నిజంగానే ఏడుస్తుంటే మాత్రం తన రైలు పట్టాలు తను పేర్చుకుంటూనే ఉంటాడు. జవాబు తెలియక కాదండీ, ఆడుతున్న మధ్యలో తలెత్తి పక్కవాణ్ణి చూడటం అలవాటు లేక. ఆ అలవాటు కార్డులతో రాదు.

మీరు రాసిన తీరు చూస్తే మీవాడికి మాటలకేం కొదవ లేదు. ఎదుటివాళ్ల మాట వినాల్సిన అవసరమే వాడికి పెద్దగా పడలేదు. ఇంట్లో వాడు సగం చెబితే మిగతా సగం మనమే పూరించుకుంటాం, "అది ఇవ్వు" అంటే ఏదో మనకి తెలిసిపోతుంది, మధ్యలో దూరినా ముద్దుగానే ఉంటుంది. తోటి ఆరేళ్ల పిల్లాడికి అంత ఓపిక ఎక్కడిది, విసుగొస్తే లేచిపోతాడు. అందుకే ఆట ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే, ఎదుటివాళ్లు చెప్పింది వినకుండా ఈ ఆట ముందుకు సాగుతుందా అని. సాగేటట్టయితే సరదాకి ఆడుకోనివ్వండి, మనకి కావలసిన పని మాత్రం దాంతో జరగదు.

నేను సాధారణంగా ముందు పెట్టే ఆట అడ్డం పెట్టి బొమ్మ గీయించేది. చెరో కాగితం, చెరో నాలుగు రంగు పెన్సిళ్లు, ఇద్దరి దగ్గరా అవే రంగులు ఉండాలి. మధ్యలో ఒక పెద్ద పుస్తకం తెరిచి నిలబెట్టండి, ఒకరి కాగితం ఒకరికి కనపడకూడదు. ఒకరు గీస్తూ చెబుతారు, రెండోవాళ్లు విని గీస్తారు. చివర్లో అడ్డం తీసి రెండు బొమ్మలూ ఒకేలా వచ్చాయా లేదా చూసుకోవాలి, అంతే.

మొదట వాణ్ణే చెప్పనివ్వండి. "ఇల్లు గియ్యి" అంటాడు. మధ్యలో పెద్దగా గీసి ఉంటాడని మీకు తెలుసు, అయినా మీరు ఓ మూలన బుల్లి ఇల్లు గీయండి. "పక్కన చెట్టు" అంటాడు, ఏ పక్కో చెప్పలేదు కాబట్టి మీకు తోచిన పక్క గీయండి. "ఇప్పుడు దానికి ఎర్ర రంగు వెయ్యి" అంటాడు, వాడి ఉద్దేశం ఇంటి కప్పు, మీరు చెట్టుకి వేసేయండి. అడ్డం తీశాక కొందరు పిల్లలు పడీపడీ నవ్వుతారు, కొందరు "నువ్వు తప్పు గీశావు" అని పోట్లాటకి వస్తారు. రెండూ మంచివే. మీరు పాఠం చెప్పకండి. "నువ్వు దానికి అన్నావు, నేను చెట్టుకనుకున్నా" అని ఊరుకోండి. రెండో బొమ్మకో మూడో బొమ్మకో "ఇంటి కప్పుకి ఎర్ర రంగు, చెట్టుకి కాదు" అని వాడే అంటాడు చూడండి. నా మనసులో ఉన్నది అవతలివాళ్లకి కనపడదన్న సంగతి వాడికి ఎవరో చెప్పగా తెలియలేదు, ఎర్ర చెట్టు చూసి తెలిసింది.

ఇది నేను కనిపెట్టింది కాదు. స్పీచ్ థెరపీలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. 1960లలో అమెరికాలో సామ్ గ్లక్స్‌బర్గ్, రాబర్ట్ క్రౌస్ అనే సైకాలజిస్టులు ఇద్దరు పిల్లల మధ్య తెర కట్టి, పేరు పెట్టడానికి వీలుకాని వింత ఆకారాలున్న దిమ్మెలు ఇచ్చి, ఒకరు వర్ణిస్తే రెండోవాళ్లు అదే దిమ్మె తీయాలని ఆడించారు. చిన్నపిల్లలు తమకి మాత్రమే అర్థమయ్యే పేరేదో చెప్పేసేవారు, అవతలివాళ్లు తెల్లమొహం వేసేవారు. తమాషా ఏమిటంటే వాళ్ల వర్ణన వాళ్లకే తిరిగి వినిపిస్తే సరైన దిమ్మె తీసేవారు. అంటే వర్ణనలో వాళ్ల లెక్క వాళ్లకుంది, వినేవాళ్ల సంగతి మాత్రం అందులో లేదు. మీవాడి రైళ్ల కబుర్లదీ ఇదే కథ అని నా అనుమానం.

ఇప్పుడు వంతు మార్చండి, అసలు లాభం ఇక్కడ ఉంది. మీరు చెబుతారు, వాడు గీస్తాడు. నియమం ఒక్కటే, తొంగి చూడకూడదు కానీ ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. కావాలనే అరకొరగా చెప్పండి, "ఒక గుండ్రం గియ్యి" అని ఆపేయండి. "ఎంత పెద్దది?" అని వాడి నోట రావాలి. అర్థం కానప్పుడు అడగడం అనేది పిల్లలకి చాలా ఆలస్యంగా అలవాటయ్యే పని, చాలామంది అర్థంకాకపోతే ఊరుకుంటారు లేదా తమకి తోచింది చేసేస్తారు. అడగకపోతే అడగమని గుర్తుచేయకండి, గీయనివ్వండి, బొమ్మ తేడా వచ్చినప్పుడు వాడికే తెలుస్తుంది. అడిగిన రోజు మాత్రం "మంచి పని చేశావు, లేకపోతే నా బొమ్మ ఒకలా నీ బొమ్మ ఒకలా వచ్చేది" అనండి. ఊరికే "గుడ్ బాయ్" అంటే దేనికి మెచ్చుకున్నారో వాడికి తెలియదు.

ఇక్కడ మీ గురించి ఒక మాట, ఏమీ అనుకోకండి. వాడు ఆలోచిస్తుంటే మీరు మధ్యలో అందిస్తారు, అవునా? దాదాపు అందరు తల్లిదండ్రులూ చేస్తారు. పెద్దవాళ్ల సంభాషణలో ఒకరు ఆపాక రెండోవాళ్లు అందుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ, 2009లో పది భాషల్ని పోల్చిన ఒక అధ్యయనంలో అది సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. ఆ వేగం మనకి అలవాటు. పిల్లలకి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది, మనకేమో ఆ ఖాళీ భరించలేనంత పొడుగ్గా అనిపించి నోరు తెరుస్తాం. మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకోండి. ఆ ఐదు లోపు వాడు ఏం చేస్తున్నాడో చూస్తుంటే మీకే ఆశ్చర్యం వేస్తుంది, పెదవులు కదులుతుంటాయి, పెన్సిల్ ఎత్తి దింపుతాడు, ఆ తర్వాత మాట వస్తుంది.

ఇక రైళ్లు. రైళ్ల మాట ఎత్తకూడదని ఆంక్ష పెట్టకండి, వాడికి మాట్లాడాలని ఉన్న విషయం అదొక్కటే అయితే దాన్నీ లాగేసుకుంటే అసలు మాట్లాడడు. దానికి బటన్ల ఆట ఉంది. చెరో ఐదు బటన్లు పెట్టుకుని, మధ్యలో ఒక గిన్నెలో మరికొన్ని పోయండి. తన గురించి, తనకి తెలిసిన విషయం గురించి ఒక ముక్క చెబితే ఒక బటన్ గిన్నెలో వేయాలి. ఎదుటివాళ్లు చెప్పినదాని మీద ప్రశ్న అడిగితే ఒక బటన్ తీసుకోవచ్చు. వాడు మొదటి నిమిషంలోనే బటన్లన్నీ రైళ్ల మీద ఖర్చు పెట్టేసి దిగాలుగా చూస్తాడు. అప్పుడు మీరు "నిన్న నేను పనిలోంచి వస్తుంటే తడిసిపోయాను" అని ఊరుకోండి. బటన్ కోసమైనా "ఎందుకు తడిసావు?" అంటాడు. బటన్ కోసం అడిగినా పర్వాలేదా అని కొందరు తల్లులు నన్ను అడుగుతుంటారు. పర్వాలేదు. అడిగాక జవాబు వస్తుంది, జవాబులో అప్పుడప్పుడూ ఆసక్తికరమైన సంగతి ఉంటుంది, అది దొరికినప్పుడు వాడు బటన్ తీసుకోవడం మర్చిపోతాడు.

తెలివైన పిల్లలు దీంట్లో ఒక దొంగదారి కనిపెడతారు, వరసగా "నీ పేరేంటి, నీకే రంగిష్టం, నీ పేరేంటి" అని అడిగి బటన్లు పోగేస్తారు. అందుకే ప్రశ్న ఇప్పుడే విన్న మాటలోంచి పుట్టాలన్న షరతు మొదటే చెప్పండి. ఇది రోజూ ఆడితే ఎవరికైనా విసుగే, వారానికి రెండుసార్లు చాలు.

ఇరవై ప్రశ్నల ఆట మీకు తెలిసే ఉంటుంది, ఒకరు మనసులో ఏదో అనుకుంటారు, మిగతావాళ్లు అవును, కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలతో పట్టుకోవాలి. ఆరేళ్లకి "కుక్కా? పిల్లా? బస్సా?" అని వరసపెట్టి ఊహలే వస్తాయి, "ప్రాణం ఉన్నదా?", "ఇంట్లో ఉంటుందా?" లాంటి వడపోత ప్రశ్నలు ఎక్కువగా ఎనిమిదేళ్లు దాటాకే వస్తాయని 1966లోనే ఒక అధ్యయనంలో చూశారు. కాబట్టి వాడు ఊహలతో ఆడుతుంటే కంగారు పడకండి, మీ వంతు వచ్చినప్పుడు మీరు వడపోత ప్రశ్నలు అడగండి, వింటాడు. ఆరేళ్లవాడికి ఇరవై కాదు, ఎన్ని కావాలంటే అన్ని. మాకు ఇందులో పనికొచ్చేది ముందు వచ్చిన జవాబు గుర్తుపెట్టుకోవడం. "ప్రాణం లేదన్నావు కదా" అని వాడు అన్నాడంటే ఎదుటివాళ్ల మాట వాడి బుర్రలో నిలబడిందన్నమాట.

మధ్యలో దూరే అలవాటుకి సైమన్ సేస్ బావుంటుంది, సైమన్ పేరు చెబితేనే చేయాలి, లేకపోతే ఆగాలి. చేతిని ఆపుకోగలిగిన పిల్లాడికి నోరు ఆపుకోవడం కాస్త తేలికవుతుంది, కానీ దీని మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఆటలో ఆగినవాడు మాటల్లో ఆగకపోవచ్చు. మాటల్లో ఆగడానికి ఒక్కో వాక్యం కథ మేలు, మీరో వాక్యం, వాడో వాక్యం, వాడి వాక్యం "అప్పుడు" అని మొదలవ్వాలి, మీ వాక్యంలో ఉన్న మనిషో వస్తువో వాడి వాక్యంలో ఉండాలి. కథలోకి రైలు వస్తుంది, రానివ్వండి. మీ వాక్యంలో ఉన్న కోతి ఆ రైలెక్కితే చాలు.

ఓడిపోయినప్పుడు ఏడుపు విషయం. దీనికి గెలిపించడం మందు కాదు, పట్టుబట్టి ఓడించడమూ కాదు. ముందు ఎవరూ ఓడని ఆటలతో మొదలుపెట్టండి. ఒక బెలూన్ ఊది, ఇంట్లో అందరూ కలిసి అది నేల తాకకుండా ఎన్నిసార్లు కొట్టగలరో లెక్కపెట్టండి, కొట్టే ముందు ఎవరివైపు పంపుతున్నారో వాళ్ల పేరు పిలవాలి. పిలవకుండా కొడితే లెక్కలోకి రాదు. వాడికి తోటివాళ్ల పేరు పిలిచే అలవాటు దీంతో వస్తుంది, చాలామంది పిల్లలు ఎవరినీ ఉద్దేశించకుండా గాల్లోకి మాట్లాడేస్తారు, అవతలివాళ్లకి తమనే అంటున్నాడని తెలియక జవాబివ్వరు, వీడేమో నాతో ఎవరూ మాట్లాడరనుకుంటాడు.

తర్వాత వైకుంఠపాళి లాంటి, పూర్తిగా పాచిక మీద ఆధారపడ్డ ఆట. ఇందులో తెలివితేటలకి పని లేదు కాబట్టి ఓటమి మరీ అవమానంగా ఉండదు. కానీ పూర్తి పటం ఆరేళ్లవాడికి చాలా పొడుగు, అంతసేపు ఆడి ఓడితే ఎవరికైనా ఏడుపొస్తుంది. సగం పటమే ఆడండి, ఐదు నిమిషాల్లో అయిపోవాలి. ఐదు నిమిషాల ఆటలో ఓడితే పోయేది ఐదు నిమిషాలే, వెంటనే ఇంకోటి ఆడొచ్చు. మొదలుపెట్టే ముందే, ఇంకా ఎవరికీ కోపం రానప్పుడే, ఓడినవాళ్లు ఏం అనాలో మాట్లాడుకోండి, వాడినే పెట్టనివ్వండి ఆ మాట. "ఛ, ఇంకోటి ఆడదాం" లాంటిది ఏదైనా సరే. మొదట మీరు ఓడి, నిజంగా కాస్త చిన్నబుచ్చుకుని, ఆ మాట అనండి. నవ్వుతూ ఓడకండి, మీకు ఓటమి అసలు పట్టనట్టు కనిపిస్తే వాడు నేర్చుకోవడానికేం లేదు. అప్పటికీ ఏడిస్తే ఏడవనివ్వండి, పావులు విసిరితే ఆట ఆ పూటకి ఆపేయండి, ఉపన్యాసం వద్దు. ఏడుస్తున్న పిల్లాడికి ఏ మాటా ఎక్కదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది, ఆడుతున్న పిల్లల గుంపులోకి వెళ్లడం. మనం పిల్లలకి నేర్పేది "వెళ్లి నన్నూ ఆడించుకుంటారా అని అడుగు" అని. అలా అడిగితే "వద్దు" అనడం వాళ్లకి చాలా తేలిక. విలియం కోర్సారో అనే సోషియాలజిస్టు నర్సరీ పిల్లల మధ్య కూర్చుని ఈ విషయమే గమనించారు, ఆటలోకి చొరబడగలిగే పిల్లలు మొదట మాట్లాడరు, చుట్టూ తిరిగి చూస్తారు, పక్కన నిలబడి వాళ్లు చేస్తున్న పనే చేస్తారు, ఆ తర్వాత ఆటకి సంబంధించిన మాట ఒకటి అంటారు. 1981లో మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ రెండు, మూడు తరగతుల పిల్లల్ని చూసి రాసింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. తోటివాళ్లు పెద్దగా ఇష్టపడని పిల్లలు వచ్చీ రాగానే తమ సంగతి చెప్పడం, తమ అభిప్రాయం చెప్పడం, కాదనడం చేస్తారు, అంటే అందరి దృష్టీ తమవైపు తిప్పుకోవాలని చూస్తారు. మీవాడు రైళ్లతో చేస్తున్నది సరిగ్గా అదే కదా.

దీన్ని బొమ్మలతో ఆడించండి. రెండు బొమ్మలు వంతెన కడుతున్నాయి, మూడో బొమ్మ వచ్చింది. మూడో బొమ్మ మీ చేతిలో ఉండాలి మొదట. ఒకసారి కావాలనే తప్పుగా చేయించండి, "నా దగ్గర పెద్ద రైలుంది తెలుసా!" అని అరుస్తూ వచ్చి వంతెన కూలగొట్టేయనివ్వండి. కట్టే బొమ్మలు వాడి చేతిలో ఉన్నాయి కాబట్టి వాడికే ఒళ్లు మండుతుంది. "మరి ఈ బొమ్మ ఏం చేస్తే రానిస్తావు?" అని అడగండి. పిల్లలు ఇచ్చే జవాబులు మన సలహాలకన్నా బావుంటాయి. ఓ చిన్నపాప నాతో అన్నది నాకిప్పటికీ గుర్తే, "ఇటుక తెచ్చి ఇస్తే రానిస్తా" అంది. మీవాడికి నేర్పాల్సింది అంతే, చూడు, వాళ్లు చేస్తున్నది చేయి, పనికొచ్చేది ఏదైనా అందించు, మాట చివర్న. అప్పుడు కూడా ఒక్కోసారి రానివ్వరు, పెద్దగా కారణమేం లేకుండానే. అలా జరుగుతుంటుందని వాడికి ముందే చెప్పి ఉంచండి.

బొమ్మలతో అయ్యాక నిజం పిల్లాడు కావాలి, ఒక్కడే. పది మంది ఉన్న పుట్టినరోజు పార్టీలో సోషల్ స్కిల్స్ రావండీ. ఒక పిల్లాణ్ణి ఇంటికి పిలవండి, గంటకి మించకుండా, ఏం ఆడాలో ముందే అనుకుని. లెగో ఉంటే మంచి పని చేస్తుంది. డేనియల్ లెగోఫ్ అనే సైకాలజిస్టు ఆటిజం ఉన్న పిల్లల కోసం తయారుచేసిన పద్ధతి ఒకటుంది, 2004లో దాని మీద ఆయన పేపర్ వచ్చింది. అందులో ముగ్గురికి మూడు పనులు. ఒకరి దగ్గర కట్టాల్సిన బొమ్మ పటం ఉంటుంది, వాళ్లు చూసి చెబుతారు. ఒకరు అడిగిన ముక్క వెతికి ఇస్తారు. ఒకరు కడతారు. పటం ఉన్నవాడు ముక్కలు ముట్టుకోకూడదు, కాబట్టి మాట్లాడక తప్పదు. ఆటిజం లేని పిల్లలకీ ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మూడో మనిషిగా మీరు కూర్చోండి, ముక్కలు అందించే పని తీసుకోండి, అందులో మీకు మాట్లాడే అవకాశం తక్కువ.

ఆట మధ్యలో చేయకూడని పనులు రెండు చెబుతాను. "థాంక్యూ చెప్పు", "సారీ చెప్పు" అని ఆట ఆపకండి. వాడు లాక్కున్నాడనుకోండి, "నీ అయ్యాక నాకిస్తావా, అనొచ్చు" అని వాడి చెవికి వినపడేటట్టు చెప్పి వదిలేయండి, అంటే అన్నాడు, లేకపోతే లేదు. రెండోది, "కళ్లలోకి చూసి మాట్లాడు" అని బలవంతం చేయకండి. కొంతమంది పిల్లలకి, ముఖ్యంగా ఆటిజం ఉన్నవాళ్లకి, కళ్లలోకి చూడటం నిజంగా ఇబ్బంది, చూడటం మీద ధ్యాస పెడితే వినడం పోతుంది. ఒళ్లు ఇటు తిరిగి ఉంటే చాలు.

యాప్ సంగతి సూటిగా చెబుతాను. ఫోన్లో ఆట ఎవరి కోసమూ ఆగదు, అలగదు, అర్థం కాలేదని అనదు. మీవాడికి ప్రాక్టీస్ కావలసింది సరిగ్గా ఆ మూడింటిలోనే. ఆడుకోనివ్వండి, కానీ దాన్ని వినడం నేర్పే ఆటల కింద లెక్కేయకండి.

పాపకి రెండేళ్లే కాబట్టి నియమాలున్న ఆటలు వద్దు. ఎదురెదురుగా కూర్చుని బంతి దొర్లించండి, దొర్లించే ముందు ఆగి తన మొహం చూడండి, తను చెయ్యి చాపితేనో, "ఇయ్యి" అంటేనో వదలండి. వంతు అంటే ఏమిటో అందులోనే తెలుస్తుంది. ఆ వయసు పిల్లలు ఇంకో పాప పక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం మామూలే, కలవడం లేదని బెంగపెట్టుకోకండి, 1930లలోనే మిల్‌డ్రెడ్ పార్టెన్ రాసిన దశల్లో అదీ ఒక దశ. తను "ఇది ఏ రంగు? ఇదేంటి?" పరీక్షలకి జవాబులు చెప్పాల్సిన పని లేదు, తను చూస్తున్న దాని గురించి మీరు ఒక చిన్న మాట అని ఆగండి. స్క్రీన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని.

ఆటలతో సరిపెట్టకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. రెండేళ్లు నిండినా పాప సొంతంగా రెండు మాటలు కలిపి అనకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, ఆగకండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. బాబు ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో నెల దాటినా అసలు నోరే విప్పకపోతే, అది సిగ్గు కాకపోవచ్చు, బలవంతంగా మాట్లాడిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. మాట తడబడి నత్తి వస్తుంటే బటన్ల ఆట, వేగంగా జవాబు చెప్పాల్సిన ఆటలు పక్కన పెట్టండి. మీరు రాసినవి ఇవేవీ కావు కాబట్టి రెండు మూడు నెలలు పై ఆటలు ఆడించి చూడండి. అప్పటికీ తోటివాళ్లతో ఏ కాస్తా మార్పు కనపడకపోతే స్పీచ్ థెరపిస్టునో, చైల్డ్ సైకాలజిస్టునో కలవండి. వెళ్లేటప్పుడు వాడు ఇంకో పిల్లాడితో ఆడుతున్న వీడియో ఒక పది నిమిషాలది తీసుకెళ్లండి, వాడికి తెలియకుండా తీసినదైతే మరీ మంచిది. కొత్త మనిషి గదిలో కూర్చోబెడితే పిల్లలు వేరేలా ఉంటారు, పెద్దవాళ్లతో చక్కగా మాట్లాడేస్తారు, మాకు చూడాల్సిందే కనపడదు.